లెజాండర్ పరివర్తనం: వక్రాన్ని వాలుల ద్వారా చదవడం

లెజాండర్ పరివర్తనాన్ని పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక్క వరుసలో నిర్వచిస్తాయి: వ = ఫ′(చ) అయినప్పుడు ఫ*(వ) = వ·చ − ఫ(చ). ఇందులో చ చలరాశి, వ వాలు, ఫ మనం తీసుకున్న ప్రమేయం. ఈ సూత్రాన్ని కంఠస్థం చేసి లెక్కలు చేయడం కష్టమేమీ కాదు. అయితే ఆ గుణకారం ఎక్కడి నుంచి వచ్చింది, ఆ తీసివేత ఎందుకు, ఇదే పని రెండుసార్లు చేస్తే బయలుదేరిన చోటికే ఎలా చేరుతున్నాం అన్న ప్రశ్నలకు ఆ వరుసలో జవాబు దొరకదు. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో దీన్ని యాంత్రికశాస్త్రంలో ఒకసారి, ఉష్ణగతికశాస్త్రంలో మరోసారి వేర్వేరు గుర్తులతో నేర్చుకున్నాను. రెండూ ఒకటేనని చాలాకాలం గమనించలేకపోయాను. కుంభాకార ప్రమేయాల దారిలో వచ్చినప్పుడే ఆ సంగతి తేటపడింది కనుక, ఇక్కడా అదే దారి పట్టిస్తున్నాను. అవకలజం అంటే ఏమిటో తెలిసి ఉంటే చాలు. కాగితం, పెన్సిలు, స్కేలు దగ్గర పెట్టుకుని ప్రతి లెక్కనూ మీరు కూడా వేస్తూ చదవండి.

మొదటి మెట్టు: వక్రాన్ని కింది నుంచి చూడండి

గ్రాఫు మీద ఏ రెండు బిందువులను కలిపినా, ఆ కలిపిన గీత గ్రాఫును తాకుతూనో దానికి పైనో ఉంటే ఆ ప్రమేయాన్ని కుంభాకారం అంటాం. చ² దీనికి సులువైన ఉదాహరణ. దాని గ్రాఫు పైనుంచి చూసేవారికి లోతైన గిన్నెలా కనిపిస్తుంది కాబట్టి, దాన్ని కుంభాకారం అనడం చాలామందికి మొదట్లో తికమకగా ఉంటుంది. కింది నుంచి చూస్తే ఆ పేరు సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే కుండ అడుగు నేల వైపు ఉబ్బినట్టుగా వక్రం కిందికి ఉబ్బి ఉంటుంది. ఈ మార్గదర్శి పొడవునా మనం చూపు నిలిపేది ఆ అడుగు భాగం మీదనే.

కుండను నేల మీద పెడితే నేల దాన్ని అడుగున తాకుతుంది గానీ లోపలికి చొచ్చుకుపోదు. నేలను కాస్త వాల్చి చూడండి. అప్పుడు తాకే చోటు పక్కకు జరుగుతుంది, నేల మాత్రం కుండకు కిందనే ఉంటుంది. కుంభాకార ప్రమేయానికి గీసిన స్పర్శరేఖ కూడా ఇంతే: ఒకచోట తాకి, మిగతా అంతటా వక్రానికి కిందనే ఉంటుంది. దీనికి తోడు, ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ వాలు పెరుగుతుందే గానీ తగ్గదు. ఈ రెండు లక్షణాల మీదనే తర్వాతి కట్టడమంతా నిలబడుతుంది.

రెండో మెట్టు: చ² స్పర్శరేఖల పట్టిక మీ చేత్తో రాయండి

ఫ(చ) = చ² తీసుకోండి. చ = 1 దగ్గర వక్రం ఎత్తు 1, వాలు 2. ఆ వాలుతో ఒక అడుగు వెనక్కి వెళితే ఎత్తు 2 తగ్గుతుంది కనుక, స్పర్శరేఖ నిలువు అక్షాన్ని −1 దగ్గర కోస్తుంది. చ = 2 దగ్గర ఎత్తు 4, వాలు 4; రెండడుగులు వెనక్కి వస్తే ఎత్తు 8 తగ్గి, గీత −4 దగ్గర అక్షాన్ని కోస్తుంది. చ = 3 దగ్గర ఎత్తు 9, వాలు 6, కోత −9. ఇలా మూడు గీతలు దొరికాయి: వాలు 2 కోత −1, వాలు 4 కోత −4, వాలు 6 కోత −9. వీటిని వరుసగా చూస్తే వాలు వ అయినప్పుడు కోత −వ²/4 అని తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు వక్రాన్ని చెరిపేసి, ఈ గీతలను మాత్రమే ఉంచండి. చ = 3 దగ్గర ఒక్కో గీత ఎంత ఎత్తులో ఉందో లెక్కించండి. వాలు 2 ఉన్న గీత 6 − 1 = 5 దగ్గర, వాలు 4 ఉన్నది 12 − 4 = 8 దగ్గర, వాలు 6 ఉన్నది 18 − 9 = 9 దగ్గర, వాలు 8 ఉన్నది 24 − 16 = 8 దగ్గర ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తైనది 9, అంటే 3². చెరిపేసిన వక్రం తిరిగి వచ్చింది. ఏ గీత కూడా వక్రాన్ని దాటి పైకి పోదు, ప్రతి బిందువు దగ్గర ఏదో ఒక గీత వక్రాన్ని తాకుతుంది. అందుకే అన్ని గీతల పై అంచే ఆ వక్రం. పెన్సిలుతో వాలు −8 నుంచి 8 వరకు గీతలు గీస్తే, మీరు గీయని వక్రం కాగితం మీద దానంతట అదే తేలుతుంది. ఈ ఒక్క బొమ్మను తప్పకుండా గీయమని కోరుతున్నాను. మిగతావన్నీ దాని వివరణలే.

కోతకు గుర్తు మార్చి రాసినదే లెజాండర్ పరివర్తనం: ఫ*(వ) = వ²/4. చ దగ్గర గీసిన స్పర్శరేఖ కోత ఫ(చ) − వ·చ కదా. గుర్తు మారిస్తే వ·చ − ఫ(చ) వస్తుంది. మొదటి వరుసలో అర్థం కాకుండా మిగిలిన గుణకారమూ తీసివేతా ఇక్కడి నుంచే వచ్చాయి. చ అడుగులు వెనక్కి నడిచినప్పుడు ఎత్తులో వచ్చే మార్పే ఆ గుణకారం.

మూడో మెట్టు: కోత ఎందుకు, ఎత్తు ఎందుకు కాదు?

వాలునే చలరాశిగా తీసుకోవాలనుకుంటే, చ బదులు వ వచ్చేలా ఎత్తునే తిరిగి రాసుకుంటే సరిపోదా అన్న సందేహం రావడం సహజం. ప్రయత్నించి చూద్దాం. ½చ² అనే వక్రంలో వ = చ, కాబట్టి ఎత్తు ½వ². దాన్నే మూడడుగులు కుడికి జరిపిన ½(చ − 3)² తీసుకుంటే వ = చ − 3, ఎత్తు మళ్లీ ½వ². రెండు వేర్వేరు వక్రాలకు ఒకే వర్ణన వచ్చింది, అంటే వక్రం ఎక్కడుందన్న సమాచారం పోయింది. వాలూ ఎత్తూ మాత్రమే చెబితే గీతను పక్కలకు ఎటు జరిపినా తేడా తెలియదు, అసలు చిక్కు అదే.

కోత చెబితే గీత ఒక్కచోట స్థిరపడుతుంది. మొదటి వక్రానికి ఫ*(వ) = ½వ², రెండోదానికి ½వ² + 3వ. ఆ 3వ అన్న పదమే జరుపుడును గుర్తుపెట్టుకుంది. నా దృష్టిలో ఈ పరివర్తనాన్ని బోధించేటప్పుడు అన్నిటికన్నా ముందు చూపించవలసిన లెక్క ఇదే. ఇది చూడనివారికి ఆ తీసివేత ఎప్పటికీ ఒక మొక్కుబడిగానే మిగిలిపోతుంది.

నాలుగో మెట్టు: స్కేలును పైకి జరపండి

ఇప్పటిదాకా చ ఎంచుకుని, అక్కడి వాలు కనుక్కున్నాం. ఈసారి ముందుగా వాలునే ఎంచుకోండి. స్కేలును ఆ వాలులో పట్టుకుని, వక్రానికి బాగా కింద పెట్టి, వాలు మారకుండా నెమ్మదిగా పైకి జరపండి. వక్రాన్ని మొదటిసారి తాకినచోట ఆపి, అది నిలువు అక్షాన్ని ఎక్కడ కోసిందో చూడండి. ఆ కోతకు గుర్తు మార్చితే ఫ*(వ).

దీన్నే ఇంకోలా చెప్పవచ్చు. మూలబిందువు గుండా వాలు వ తో ఒక గీత గీసి, ఆ గీత వక్రానికి పైన ఎంత ఎత్తులో ఉందో ప్రతి చ దగ్గరా కొలవండి. ఆ తేడా వ·చ − ఫ(చ). అన్ని చ విలువల్లో ఈ తేడాకు వచ్చే గరిష్ఠ విలువే ఫ*(వ). గరిష్ఠం దగ్గర అవకలజం సున్నా కావాలి కాబట్టి వ = ఫ′(చ) అన్న షరతు దానంతట అదే వచ్చేస్తుంది, ఎవరూ పైనుంచి విధించనక్కర్లేదు. గరిష్ఠం ఎక్కడా సరిగ్గా అందకుండా విలువలు దాన్ని సమీపిస్తూ మాత్రమే ఉంటే, వాటి కనిష్ఠ ఎగువ హద్దును తీసుకుంటాం.

ఫ్రెంచి గణితవేత్త లెజాండర్ ఈ పరివర్తనాన్ని 1787లో పాక్షిక అవకల సమీకరణాలను సాధించే సందర్భంలో వాడాడు. అక్కడ అవకలజం ఉండి తీరాలి. గరిష్ఠం ద్వారా చెప్పే నిర్వచనానికి అవకలజం అవసరమే లేదు. వెర్నర్ ఫెంకెల్ 1949లో కుంభాకార ప్రమేయాల జంటల మీద రాసిన పరిశోధన పత్రం ఈ విస్తృత రూపానికి పునాది వేసింది, అందుకే దీన్ని లెజాండర్–ఫెంకెల్ పరివర్తనం అని కూడా పిలుస్తారు.

తిరుగు ప్రయాణాన్ని గమనించండి. రెండో మెట్టులో గీతల పై అంచు తీసుకున్నప్పుడు, ప్రతి చ దగ్గరా వ·చ − ఫ*(వ) విలువల్లో గరిష్ఠం తీసుకున్నాం. ఇది ముందుకు వెళ్లేటప్పటి సూత్రమే, చ, వ స్థానాలు మాత్రం మారాయి. కుంభాకార ప్రమేయానికి పరివర్తనం రెండుసార్లు చేస్తే మొదటిదే తిరిగి రావడంలోని రహస్యం ఇదే. (హద్దుల దగ్గర ప్రమేయం హఠాత్తుగా పైకి ఎగరకుండా ఉండాలన్న చిన్న షరతు ఒకటుంది, అంతటా సంతతంగా ఉన్నవాటితో పని చేసేవారు దాని గురించి కంగారుపడనక్కర్లేదు.)

ఐదో మెట్టు: మూలలు, అనంతాలు

ఫ(చ) = |చ| తీసుకోండి. సున్నా దగ్గర మూల ఉంది, అక్కడ అవకలజం లేదు. అయినా స్కేలుకు ఇబ్బంది లేదు. వాలు −1 నుంచి 1 వరకు ఏదైనా సరే, స్కేలు పైకి వచ్చి మూల దగ్గరే ఆగుతుంది, కోత సున్నా. కాబట్టి ఆ వాలులన్నిటికీ ఫ*(వ) = 0. వాలు 2 అయితే ఏమవుతుంది? స్కేలును ఎంత కింద పెట్టినా కుడివైపు చాలా దూరం వెళ్లేసరికి అది వక్రాన్ని దాటి పైకి పోతుంది. ఆ వాలుతో వక్రం కింద ఇమిడే గీతే లేదు, అందుకని ఫ*(2) = ∞. అనంతం అన్న మాట చూసి బెదరకండి. ఆ వాలు ఈ వక్రానికి పనికిరాదని చెప్పే పద్ధతి మాత్రమే అది.

ఇందులో ఒక చక్కని ఇచ్చిపుచ్చుకోలు ఉంది. ఒకవైపు మూల ఉంటే, రెండోవైపు తిన్నని భాగం ఉంటుంది. |చ| మూల ఒక్క బిందువే అయినా అక్కడ అనేక వాలులు ఆనుకోగలవు, కనుక ఆ వాలులన్నీ కలిసి ఫ* లో ఒక తిన్నని ముక్కగా పరుచుకున్నాయి. నున్నని వక్రాలకూ ఇదే సూత్రం మృదువైన రూపంలో వర్తిస్తుంది: జతపడిన బిందువుల దగ్గర ఫ* రెండో అవకలజం, ఫ రెండో అవకలజానికి వ్యుత్క్రమం. ఇక్కడ చురుగ్గా వంగితే అక్కడ నెమ్మదిగా వంగుతుంది. మూల, తిన్నని ముక్క ఆ సంబంధానికి రెండు చివరలు.

ఘాతీయ ప్రమేయంతో కూడా ప్రయత్నించి చూడండి. ఫ(చ) = ఇ^చ, ఇక్కడ ఇ అంటే సహజ లాగరిథమ్‌లకు ఆధారమైన, సుమారు 2.718 విలువ గల సంఖ్య; లాగ్ అంటే ఆ సహజ లాగరిథమే. వాలు వ ధనమైతే చ = లాగ్ వ దగ్గర తాకుతుంది, ఫ*(వ) = వ·లాగ్ వ − వ. వాలు సున్నా అయితే స్కేలు అడ్డంగా ఉండి, ఎడమవైపు అనంతం వైపు సాగే వక్రాన్ని ఎక్కడా తాకకుండా సున్నా ఎత్తులో ఆగుతుంది, ఫ*(0) = 0. వాలు రుణమైతే ∞. కనిష్ఠ ఎగువ హద్దు అవసరం ఎందుకో ఆ సున్నా వాలు చూపిస్తుంది.

ఆరో మెట్టు: వైశాల్యాల బొమ్మ

ఈసారి ఫ గ్రాఫును పక్కనపెట్టి, దాని అవకలజం ఫ′ గ్రాఫు గీయండి. ఫ(0) = 0, ఫ′(0) = 0 అనుకుందాం. ఇది పైకే వెళ్లే గీత. అడ్డంగా చ వరకు దాని కింద ఉన్న వైశాల్యం ఫ(చ). కాగితాన్ని పక్కకు తిప్పి చూస్తే, నిలువుగా వ వరకు ఆ గీతకూ నిలువు అక్షానికీ మధ్యనున్న వైశాల్యం ఫ*(వ). వ = ఫ′(చ) అయితే ఈ రెండు ముక్కలూ కలిసి చ వెడల్పు, వ ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రాన్ని సరిగ్గా నింపుతాయి. అంటే ఫ(చ) + ఫ*(వ) = చ·వ. పాఠ్యపుస్తకపు సూత్రం ఇదే, ఇప్పుడు రెండు వైపులకూ సమానమైన హోదా వచ్చింది. ఫ* అవకలజం ఫ′ కు విలోమ ప్రమేయమన్నది కూడా ఈ బొమ్మలోనే ఉంది, కాగితం తిప్పడమంటే అదే కదా.

చ, వ ఒకదానికొకటి జతకాకపోతే, రెండు ముక్కలూ కలిసి దీర్ఘచతురస్రాన్ని దాటి బయటికి పొంగుతాయి. కాబట్టి ఎప్పుడైనా సరే ఫ(చ) + ఫ*(వ) ≥ చ·వ. ½చ² కు చ = 2, వ = 3 పెట్టి చూడండి: 2 + 4.5 = 6.5, గుణకారం 6, పొంగినది 0.5. వ = 2 పెడితే 2 + 2 = 4, పొంగు లేదు. విలియం హెన్రీ యంగ్ 1912లో ఇచ్చిన అసమానత ఈ రూపానిదే.

ఈ అసమానత ఎంత బలమైనదో ఒక్క ప్రశ్నతో చూపించవచ్చు. తన పరివర్తనం తానే అయిన ప్రమేయాలు ఎన్ని? ఫ = ఫ* అనుకుని, వ స్థానంలో చ పెట్టండి: 2ఫ(చ) ≥ చ², అంటే ఫ(చ) ≥ ½చ². ప్రమేయం పెద్దదైతే దాని పరివర్తనం చిన్నదవుతుంది, ఎందుకంటే మనం తీసివేస్తున్నది ఆ ప్రమేయాన్నే. కనుక ఫ* ≤ ½చ². రెండూ ఒకటే కాబట్టి ఫ = ½చ² తప్ప మరోటి కుదరదు.

ఏడో మెట్టు: కుంభాకారం కానిదాన్ని ఇచ్చి చూడండి

(చ² − 1)² కు రెండు లోయలు ఉంటాయి, −1 దగ్గర ఒకటి, 1 దగ్గర ఒకటి, మధ్యలో 1 ఎత్తు గుట్ట. స్కేలును అడ్డంగా పట్టి పైకి జరిపితే రెండు లోయలనూ ఒకేసారి తాకి ఆగిపోతుంది, గుట్టను అసలు చేరుకోలేదు. గుట్ట ఎంత ఎత్తున్నా, దాని ఆకారం ఏదైనా, కింది నుంచి వచ్చే ఏ గీతకూ అది తెలియదు. అందుకే తిరుగు ప్రయాణంలో అసలు ప్రమేయం రాదు. −1 నుంచి 1 వరకు గుట్ట స్థానంలో సున్నా ఎత్తున్న తిన్నని వంతెన వస్తుంది. రెండుసార్ల పరివర్తనం ఇచ్చేది అసలు ప్రమేయానికి కింద ఇమిడే కుంభాకార ప్రమేయాలలో అన్నిటికన్నా పెద్దది. ఫ* లో సున్నా వాలు దగ్గర మూల ఏర్పడుతుంది, ఎందుకంటే వాలు కొంచెం రుణమైతే తాకే చోటు −1 లోయలో, కొంచెం ధనమైతే 1 లోయలో ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: భౌతికశాస్త్రంలోకి

ఇక్కడ రెండు చిన్న నియమాలు చాలు. ప్రమేయానికి స్థిరసంఖ్య క కలిపితే పరివర్తనంలో క తగ్గుతుంది. అ మేరకు కుడికి జరిపితే పరివర్తనానికి అ·వ కలుస్తుంది. రెండోది మూడో మెట్టులో చూశాం.

యాంత్రికశాస్త్రంలో చలరాశి వేగం, ప్రమేయం లగ్రాంజియన్ (గతిజశక్తి నుంచి స్థితిజశక్తిని తీసివేసినది), వాలు ద్రవ్యవేగం, పరివర్తనం హామిల్టోనియన్ (ఇక్కడ మొత్తం శక్తి). ద్రవ్యరాశి 2 కిలోలు, వేగం సెకనుకు 3 మీటర్లు అనుకోండి. గతిజశక్తి 9 జౌళ్లు, ద్రవ్యవేగం 6, వాటి దీర్ఘచతురస్రం 6 × 3 = 18. అందులోంచి 9 తీసేస్తే 9. వర్గ ప్రమేయం కావడం వల్ల దీర్ఘచతురస్రం సరిగ్గా సగానికి చీలింది. స్థితిజశక్తి వేగం మీద ఆధారపడకపోతే, అది ఈ లెక్కలో స్థిరసంఖ్యే. లగ్రాంజియన్‌లో దాని ముందు రుణగుర్తు ఉంటుంది; మొదటి నియమం ప్రకారం హామిల్టోనియన్‌లో అది ధనగుర్తుగా మారుతుంది. "గతిజం మైనస్ స్థితిజం" అన్నది "గతిజం ప్లస్ స్థితిజం"గా మారడం వెనుక ఇంతకుమించి ఏమీ లేదు.

ఉష్ణగతికశాస్త్రంలో గుర్తుల సంప్రదాయం వేరు, నేను తడబడింది అక్కడే. పీడనం స్థిరంగా ఉన్నప్పుడు ఎంథాల్పీని (అంతర్గత శక్తికి పీడనం, ఘనపరిమాణాల లబ్ధాన్ని కలిపినది) ఎంట్రోపీ (పదార్థంలోని అస్తవ్యస్తతకు కొలత) ప్రమేయంగా రాస్తే అది కుంభాకారం, దాని వాలు ఉష్ణోగ్రత. గిబ్స్ శక్తి అంటే ఎంథాల్పీ నుంచి ఉష్ణోగ్రత, ఎంట్రోపీల లబ్ధాన్ని తీసివేసినది. అంటే గుర్తు మార్చని కోతే గిబ్స్ శక్తి. మన ఫ* కు అది రుణాత్మకం, కనుక దాని గ్రాఫు తలకిందులై పుటాకారంగా ఉంటుంది.

మంచు కరిగే ఘట్టాన్ని ఈ దృష్టితో చూడండి. సాధారణ వాతావరణ పీడనం దగ్గర కిలో మంచు నీరు కావడానికి సుమారు 334 కిలోజౌళ్లు కావాలి, ఆ సేపంతా ఉష్ణోగ్రత 273.15 కెల్విన్లు దాటదు. ఎంథాల్పీ గ్రాఫులో ఇది 273.15 వాలుతో సాగే తిన్నని ముక్క. దాని ఎత్తు 334, కాబట్టి అడ్డం పొడవు 334ను 273.15తో భాగిస్తే వచ్చే 1.22, ఇది కెల్విన్‌కు కిలోజౌళ్లలో పెరిగిన ఎంట్రోపీ. ఐదో మెట్టులో తిన్నని ముక్కకు అవతలివైపు మూల ఉంటుందని చూశాం. గిబ్స్ శక్తి గ్రాఫులో 273.15 దగ్గర ఆ మూల ఉంది. దాని ఎడమవైపు వాలు మంచుది, కుడివైపు వాలు నీటిది, రెండిటి మధ్య తేడా సరిగ్గా ఆ 1.22.